రెండుసార్లు లెక్కకెక్కిన వెలుగు

తొమ్మిదేళ్ళ పాటు ఆమె కుడిచేతి కణుపుల మీద స్టీలు స్కేలు పడుతూనే ఉంది. తప్పు చేస్తే బల్లపరుపుగా ఒకటి, అదే తప్పు మళ్ళీ చేస్తే అంచుతో ఒకటి. దెబ్బలు తిన్నది బడిపిల్ల కాదు, ఇద్దరు పిల్లల తల్లి. కొట్టింది పంతులు కాదు, రేడియేషన్ మీటర్లు తయారుచేసే ల్యాబుకి పెద్ద. సార్ స్కేలు తీయగానే ఆమె చెయ్యి చాపేది. చాపమని ఆయన ఏనాడూ అనలేదు. ఆ సంగతెత్తితే ఇప్పటికీ తల దించుకుంటుంది. "కొట్టాడని కాదు. అడక్కుండానే చాపానే, అదీ నా బాధ," అంటుంది.

అదే గదిలో మీటర్లకి సోల్డరింగ్ చేసే పెద్దాయన ఉండేవాడు. అందరూ టంకం బాబాయ్ అనేవాళ్ళు. దెబ్బ పడ్డ రోజున తడి స్పాంజి ముక్క ఆమె బల్ల మీద పెట్టి పోయేవాడు. "మీ పిన్ని గరిటె తీస్తుంది. నీకు స్కేలే కదా, అదృష్టవంతురాలివి," అని నవ్వించేవాడు. ఆమె నవ్వేది. నవ్వితే ఆ రోజుకి అయిపోయేది.

ఆ దెబ్బలన్నీ ఎందుకు పడింది అంటే, ఆమె దగ్గర చూపించుకోడానికి ఒక్క సర్టిఫికెట్టూ లేదు. తండ్రి కళ్ళజోళ్ళ అద్దాలు అరగదీసేవాడు. ఒకే కిటికీ ఉన్న గదిలో, కాలితో తొక్కితే తిరిగే సాన ముందు పెరిగింది. పదేళ్ళకే అద్దం మీద గోరు నడిపి, కంటికి కనపడని గీత ఎక్కడుందో చెప్పేది. చదువు ఇంటర్ మధ్యలో ఆగింది. ఇరవై అయిదో ఏట, స్ఫటికాలు పాలిష్ చెయ్యడానికి మనిషి కావాలంటే ల్యాబుకి వెళ్ళింది. సార్ ఒక ముక్క చేతికిచ్చి, గీతలున్నాయా అని అడిగాడు.

"రెండున్నాయి సార్. ఒకటి మీ గోరుదే," అంది.

ఆయన గట్టిగా నవ్వాడు. ఆ పూటే పనిలో పెట్టుకున్నాడు. మొదటిసారి తన పనితనాన్ని చూసి ఒకరు నవ్విన నవ్వు అది. తొమ్మిదేళ్ళ స్కేలుకి ఆ నవ్వునే అడ్డం పెట్టుకుంటూ వచ్చింది.

మీటరు లోపల పెట్టే ఒక్కో స్ఫటికం అగ్గిపెట్టెలో సగం ఉంటుంది. గాలిలో తేమ తగిలితే చాలు మబ్బు పడుతుంది. అన్ని వైపులా నునుపు చేసి, ఒక వైపు వదిలేసి మిగతా అయిదు వైపులా తెల్ల టేపు నాలుగు పొరలు చుట్టాలి. వదిలేసిన వైపు వెలుగుని పట్టే చిన్న కన్ను బిగిస్తారు. టేపులో ఒక్క ముడత పడినా వెలుగు అందులో చిక్కుకుని ఆరిపోతుంది. ఆమె చుట్టిన టేపులో ముడతలుండేవి కావు. అందుకని టేపక్క అన్నారు. ఆ పేరే నిలిచిపోయింది.

మూడో ఏట కంప్యూటర్ ఇంజనీరు సార్‌తో వాదానికి దిగాడు. సార్ కీబోర్డు పీకి ఆయన మొహాన కొట్టాడు. పెదవి చీలింది, ఒక పన్ను కదిలింది. మర్నాటి నుంచి ఆ కుర్చీ ఖాళీ. రెండేళ్ళుగా ఆ కుర్చీ వెనకాలే కూర్చుని టేపు చుట్టిన మనిషికి, ఏ బొత్తాం తర్వాత ఏ బొత్తామో నోటికొచ్చు. గత్యంతరం లేక సార్ ఒకసారి ఆమెని నొక్కమన్నాడు. ఆ తర్వాత ఆరేళ్ళూ నొక్కింది ఆమే. నొక్కడంతో ఊరుకోలేదు. పిల్లల్ని బడికి తోలి గంట ముందే వచ్చి, ప్రోగ్రాంలో ఒక్కో లైనూ తీసేసి చూసి, మళ్ళీ పెట్టి చూసి, ఏది ఏం చేస్తుందో పట్టేసింది. రిపోర్టుల మీద మాత్రం సార్ పేరే ఉండేది. చివరి పేజీలో చిన్న అక్షరాలతో "సహకారం: పాలిషింగ్ విభాగం." ఆ విభాగంలో ఉన్నది ఆమె ఒక్కతే.

"విభాగం టీకి లేచింది, దారివ్వండి," అని టంకం బాబాయ్ కేకేసేవాడు.

ఆ ప్రోగ్రాం పేరు పెద్దది గానీ సంగతి చిన్నదే. రేడియేషన్ కిరణం ఒకటి వచ్చి స్ఫటికాన్ని గుద్దుతుంది. గుద్ది, తన శక్తినంతా అక్కడే వదిలేస్తుంది. వదిలిన ఆ శక్తిలో కొంత వెలుగవుతుంది. వేలకొద్దీ ఫోటాన్లు. ఆమె వాటిని మిణుకులనేది. అవి తెల్ల టేపుకి కొట్టుకుని, వెనక్కి తుళ్ళి, మళ్ళీ కొట్టుకుని, కొన్ని కన్ను దాకా చేరతాయి. మిగిలినవి ఆ గోడల్లోనే ఇంకిపోతాయి. రెప్ప వేసేలోగా అంతా అయిపోతుంది. నిజం స్ఫటికంలోకి దూరి ఎవరూ చూడలేరు. అందుకని కంప్యూటర్లో ఉత్తుత్తి స్ఫటికం కట్టి, ఉత్తుత్తి కిరణాలతో కొట్టి, మనిషి ఎంత రేడియేషన్లో నిలబడితే స్ఫటికంలో ఎంత శక్తి పడుతుందో ఒక పట్టిక తయారుచేస్తారు. జేబుకి తగిలించుకునే మీటరు ఆ పట్టికను చూసే అంకె చెబుతుంది. స్ఫటికంలో ఎక్కువ శక్తి పడుతుందని పట్టిక పొరపాటున రాసిందనుకోండి, నిజంగా పడ్డది మీటరు కంటికి తక్కువగా ఆనుతుంది. మనిషి ఒళ్ళు కాలుతున్నా, ఏం కాలేదంటుంది.

ఆ ల్యాబులో ఒక అలవాటుంది. పరీక్షకి వాడే కిరణం శక్తి ఆరువందల అరవై రెండు. కాబట్టి గ్రాఫులో శిఖరం ఆ అంకె మీదే లేవాలి. ప్రోగ్రాం ఇచ్చే శిఖరం ఎప్పుడూ కాస్త కుడికి పోయి లేచేది. దాన్ని మౌస్‌తో పట్టుకుని ఎడమకి లాగి, ఆరువందల అరవై రెండు మీద కూర్చోబెట్టి, అప్పుడు రిపోర్టులో అతికించాలి. "జరిపావా?" అని సార్ అడగడం, "జరిపాను సార్," అని ఆమె అనడం. గోడగడియారం రోజూ ముందుకి పోతుంటే ముల్లు వెనక్కి తిప్పుకుంటామే, అలాగ. అసలెందుకు జరపాల్సి వస్తోందని ఎవరూ అడగలేదు. పైగా జరిపేది గ్రాఫునే. పట్టికను ఎవరూ జరపరు, దాన్ని ప్రోగ్రామే నేరుగా రాసుకుపోయేది.

ఒక శుక్రవారం ఆమె జరపడం మర్చిపోయింది. ఆ నెలలో అది రెండోసారి. సార్ స్కేలు అంచు తిప్పాడు. మూడు కణుపుల మీద తోలు లేచిపోయి, కీబోర్డు మీద రక్తం చుక్కలు పడ్డాయి. కొళాయి కింద చెయ్యి పెట్టుకుని నిలబడ్డప్పుడు, తొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆమెకి దెబ్బ మీద కాదు, జరపడం మీద కోపం వచ్చింది. ఆ శిఖరం దాని చోట అది ఎందుకు నిలబడదు?

చేతికి రుమాలు చుట్టుకుని వచ్చి కూర్చుంది. ప్రోగ్రాంలో మిగతావన్నీ ఆపేసి ఒకే ఒక్క కిరణాన్ని వదిలింది. స్ఫటికంలో మొత్తం ఎంత శక్తి పడిందో కూడమంది. ఆరువందల అరవై రెండు పెట్టింది. ఏడువందల నలభై నాలుగు వచ్చింది.

మళ్ళీ చేసింది. అంతే వచ్చింది. పెట్టినదానికంటే ఎక్కువ. ఈసారి మిణుకులు పుట్టకుండా ఆపి చేసింది. ఆరువందల అరవై రెండు, ఒక్క పిసరు అటూ ఇటూ లేదు. ఇక ఆ తప్పు చేస్తున్న లైను పట్టుకోడానికి పావుగంట పట్టలేదు. కిరణం శక్తిని వదిలినప్పుడు ప్రోగ్రాం ఒకసారి కూడుతోంది. ఆ శక్తిలోంచే పుట్టిన మిణుకులు గోడల్లో ఇంకినప్పుడు, అదేదో బయటినుంచి కొత్తగా వచ్చినట్టు మళ్ళీ కూడుతోంది. ఒకే వెలుగు రెండుసార్లు లెక్కకెక్కుతోంది. లైను కింద రాసినవాళ్ళ పేరూ తేదీ ఉన్నాయి. తొమ్మిదేళ్ళ కిందటి తేదీ. సార్ పేరు.

నూటికి పన్నెండుకి పైచిలుకు తేడా. ఆ పట్టికతో నడిచే మీటరు తగిలించుకుని పనిచేస్తున్నవాళ్ళు, ఈ ల్యాబు నడిపే కంపెనీదే అయిన పైపుల యార్డులో రెండువందల పదకొండు మంది. అందులో ఒకడు ఆమె తమ్ముడు.

తమ్ముడిది వెల్డింగ్ అతుకుల్లో పగుళ్ళున్నాయేమో రేడియేషన్‌తో ఫోటో తీసే పని. సీసపు కుండలో రేడియేషన్ చిమ్మే గోరంత గింజ ఉంటుంది. దాన్ని తీగతో గొట్టంలోకి తోసి, ఫోటో అయ్యాక మళ్ళీ కుండలోకి లాగాలి. ఏడాదికి మనిషి ఒంటికి ఇరవై మిల్లీసీవర్టుల దాకా పడొచ్చు. ఆ హద్దు దాటినవాడు ఆ ఏడాది ఇక కుండ ముట్టుకోకూడదు. వారం వారం మీటరు చూసి కార్డు మీద ఎక్కిస్తారు.

ఆదివారం పొద్దున్నే తమ్ముడింటికి వెళ్ళింది.

"ఒరే, నీ కార్డు ఇలా ఇయ్యి."

"ఎందుకక్కా, సంబంధం చూస్తున్నావా?"

"ఉన్నదానితోనే వేగలేకపోతున్నాడు, ఇంకొకత్తె కూడానా వదినా," అంది మరదలు లోపల్నుంచి.

కార్డు మీద పద్దెనిమిది పాయింటు ఒకటి. ఆమె పెన్సిలుతో పక్కన వేసింది. ఇరవై పాయింటు మూడు. తమ్ముడు చూసి పకపకా నవ్వాడు. "కంపెనీ మీటరు తప్పు, మా అక్క పెన్సిలు ఒప్పూనా?"

ఆమె వాణ్ణి చెయ్యి పట్టుకుని దొడ్లో తొట్టి దగ్గరికి లాక్కెళ్ళింది. "ఒక బిందెడు నీళ్ళు పోశావు. తొట్టిలో ఎన్ని నీళ్ళు?"

"బిందెడు."

"అందులోంచే చెంబుతో ముంచి అందులోనే పోశావు. ఇప్పుడెన్ని?"

"బిందెడే. నాకేమైనా పిచ్చా?"

"మా ప్రోగ్రాం బిందె, చెంబు అని రెండూ కూడుతోంది. తొమ్మిదేళ్ళుగా. తొట్టి అంత నిండాలని పట్టిక రాసిపెట్టింది కదా, మామూలు నీళ్ళు పడితే మీ మీటరు తక్కువే పడ్డాయంటుంది. నువ్వు హద్దు దాటేశావురా. ఇక కుండ ముట్టుకోకు."

తమ్ముడి నవ్వు ఆగింది. కోపిష్టి మనిషి. కిందటి ఏడు మేస్త్రీ బూతుమాట అన్నాడని భోజనాల గదిలో బెంచీ ఎత్తి వేశాడు, నెల సస్పెండయ్యాడు. "నేను ముట్టుకోనంటే మేస్త్రీ కొత్తగా చేరినవాళ్ళని పంపుతాడే. పటకారు ఎట్నుంచి పట్టుకోవాలో తెలీదు వాళ్ళకి. చచ్చూరుకుంటారు. నీ సార్ చేత కాగితం మీద రాయించు, అప్పుడు మానేస్తా."

సోమవారం ఆమె రెండు కాగితాలు సార్ ముందు పెట్టింది. ఒకటి మిణుకులున్నది, ఒకటి లేనిది. ఆయన రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు.

"ఒక ఫోటాను శక్తి ఎంతో తెలుసా నీకు? దోమ రెక్కంత కూడా కాదు. దానికింత రాద్ధాంతమా?"

"ఒకటైతే ఏముంది సార్. దెబ్బకి ముప్పై అయిదు వేలు పుడుతున్నాయి."

"ఈ లైను ఎవరు రాశారో చూశావా?"

"చూశాను సార్. అందుకే ఇంకెవరికీ చూపించకుండా మీ దగ్గరికే తెచ్చాను."

సార్ కాగితాలు నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేశాడు. స్కేలు తియ్యలేదు. "రేపు మాట్లాడదాం," అన్నాడు.

మంగళవారం పదిన్నరకి మరదలు ఫోను. "వదినా, యార్డులో గింజ గొట్టంలో ఇరుక్కుపోయిందట. వెనక్కి రావట్లేదట. పటకారుతో తియ్యడానికి నలుగుర్ని రాశాడట మేస్త్రీ. మొదటి పేరు మీ తమ్ముడిదే. నువ్వన్నది అడ్డం చెప్పమన్నాను. కాగితం ఉందా అని మీ తమ్ముడు నన్నే కసిరాడు."

సార్ పరీక్షల గదిలో ఉన్నాడు. స్ఫటికాలకి బయటి వెలుగు తగలకుండా పరీక్షించే ఇనప పెట్టె అక్కడుంటుంది. లోపలంతా నల్లగుడ్డ. మూతే ఇరవై కిలోలు. మూత తెరిచి ఉంది, లోపల ఒక మీటరు. పక్క బల్ల దగ్గర టంకం బాబాయ్ సోల్డరింగ్ చేసుకుంటున్నాడు.

"సార్, యార్డుకి ఒక్క ఫోను చెయ్యండి. పద్దెనిమిది దగ్గర ఉన్నవాళ్ళని ఆపమనండి. కారణం తర్వాత చూసుకోవచ్చు."

"ఎందుకు ఆపాలని అడుగుతారు."

"అడగనీండి."

"తొమ్మిదేళ్ళవి. ప్రతి పట్టికా, ప్రతి కార్డూ తప్పని తేలుతుంది. నా తల తీసి గేటుకి కడతారు. నువ్వొచ్చి టేపు చుడతావా దానికి?"

"అక్కడ నా తమ్ముడున్నాడు సార్."

సార్ స్కేలు తీశాడు. ఆమె చెయ్యి చాపలేదు. తొమ్మిదేళ్ళలో అదే మొదటిసారి. స్కేలు గాల్లోనే ఉండిపోయింది. "మీరు చెయ్యకపోతే నేనే వెళ్ళి చెప్తాను. ఈ మీటరే పట్టుకెళ్తాను," అని ఆమె పెట్టెలోకి చెయ్యి పెట్టింది.

సార్ మూత పడేశాడు. పడెయ్యడమే కాదు, రెండు చేతులతో నొక్కాడు.

చూపుడు వేలూ మధ్య వేలూ విరిగాయి. ఎండుపుల్ల విరిగిన చప్పుడు. సార్ మూత ఎత్తాడు. ఎత్తి, ముందు చూసింది ఆమె చేతిని కాదు. వంగి, మూత అంచున నల్లగుడ్డ చిరిగిందేమో, వెలుగు లోపలికి కారుతుందేమో అని వేలితో తడిమి చూశాడు. టంకం బాబాయ్ గోడవైపు తిరిగి ఉన్నాడు. ఆయన చేతిలో సోల్డరింగ్ ఇనుము దేనికీ తగలకుండా పొగ వదులుతోంది.

బల్ల మీదున్న తెల్ల టేపే తీసుకుని ఆమె తన వేళ్ళకి తనే ఎడంచేత్తో చుట్టుకుంది. నాలుగు పొరలు. అన్నీ ముడతలే.

యార్డు రెండు కిలోమీటర్ల దూరం. సగం నడిచింది, సగం పైపుల లారీ ఎక్కింది. ఆ లారీయే గేటు దాటించింది. మైదానం మధ్యలో పసుపు తాడు కట్టి ఉంది. తాడు అవతల గొట్టం, ఇవతల మనిషిన్నర పొడవు పటకారు పట్టుకుని తమ్ముడూ ముగ్గురు మనుషులూ నిలబడి ఉన్నారు. లోపలికెళ్ళి వచ్చేసరికి ఒక్కొక్కరికీ ఒకటిన్నర పడుతుందని మేస్త్రీ చెబుతున్నాడు. "నీకింకా ఒకటి పాయింటు తొమ్మిది ఖాళీ ఉంది, పద," అని తమ్ముణ్ణి తోశాడు.

ఆమె పైపుల మీదికెక్కింది. "బిందె, చెంబు," అని అరిచింది. "ఒరే, బిందె, చెంబు. ఖాళీ లేదు. ఎవరికీ ఖాళీ లేదు."

వింత ఏమిటంటే ఆ నలుగురికీ అర్థమైంది. సోమవారం భోజనాల దగ్గర తమ్ముడు ఆ తొట్టి కథ చెప్పి, మా అక్క చెంబు సిద్ధాంతం అని అందర్నీ నవ్వించాడట. ఇప్పుడెవరూ నవ్వలేదు. ఆమె ఒక్కొక్కరి కార్డూ అడిగి, నోటితోనే గుణించి చెప్పింది. ఇద్దరు ఇప్పటికే దాటారు. మిగతా ఇద్దరూ తాడు దాటి తిరిగొచ్చేలోపు దాటిపోతారు.

తమ్ముడు ఆమె చేతినే చూస్తున్నాడు. టేపు ఎర్రగా నానిపోయింది. "ఎవరు?" అన్నాడు.

"అది తర్వాత. ముందు పటకారు కింద పెట్టు."

పెట్టాడు. మిగతా ముగ్గురూ వెనక్కి జరిగారు. మేస్త్రీ అందరిలోకీ చిన్నవాడి చెంప పగలగొట్టి, మెడ పట్టుకుని తాడు వైపు ఈడ్చాడు. తమ్ముడు ఒక్క ఉరుకులో వెళ్ళి మేస్త్రీ చొక్కా పట్టుకుని నుదుటితో ముక్కు మీద గుద్దాడు. ముక్కు పచ్చడైంది. ఈల ఊదారు. ఆరుగురు గార్డులు కర్రలతో వచ్చారు. తమ్ముణ్ణి మొదట మోకాళ్ళ మీద కొట్టారు, పడ్డాక వీపు మీద, ఆ తర్వాత ఎక్కడ పడితే అక్కడ. అడ్డం వెళ్ళిన ఆమెని జుట్టు పట్టి పైపులకేసి కొట్టారు. పనివాళ్ళు రేడియేషన్‌కి అడ్డం పెట్టే సీసం గుళ్ళ సంచులెత్తి గార్డుల మీదికి విసిరారు, ఒకడి భుజం జారింది. దుమ్ములో ఏ రక్తం ఎవరిదో తెలియలేదు. అప్పుడే మేస్త్రీ, ముక్కు నుంచి రక్తం కారుతుండగానే, కింద పడున్న పటకారు ఎత్తి తిప్పాడు. ఆ ఇనప కొన తమ్ముడి ఎడమ కన్ను మీద తగిలింది.

ఆ చప్పుడుకి అందరూ ఆగిపోయారు. తమ్ముడు మాత్రం కూర్చుని, కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "తాడు దాటారా ఎవరైనా?" అని అడిగాడు.

ఎవరూ దాటలేదు.

మర్నాడు బయటినుంచి మరమనిషి లాంటి బండి తెచ్చారు. మనుషులు గోడ వెనక నిలబడి, తెర మీద చూస్తూ గింజని కుండలోకి లాగేశారు. గంట పట్టింది. అలాంటి బండి ఉందని మేస్త్రీకి తెలుసు, కంపెనీకి తెలుసు. పిలిస్తే ఒక రోజు పని ఆగుతుంది. ఆగకూడదని నలుగుర్ని రాశారు.

తమ్ముడి ఎడమ కన్ను పోయింది. కంపెనీ తరఫున అతని మీద దాడి కేసు, ఆమె మీద, ఎత్తుకెళ్ళని కాగితాలు ఎత్తుకెళ్ళిందని కేసు. ఆమెకి రెండు వేళ్ళూ వంగవు. గోటితో గీత పట్టే వేలు అందులో ఒకటి. ఉద్యోగం ఎలాగూ లేదు. మరదలు ఆస్పత్రిలో మొగుడి కట్టు మారుస్తూ అంది: "వదినా, మీ ఇద్దరికీ కలిపి ఇప్పుడు మూడు కళ్ళు, మూడు చేతులు. ఒక్క మనిషి పనైనా చెయ్యండి."

ఇక ప్రోగ్రాం సంగతి. ఆ వారంలోనే ఆ లైను మారిపోయింది. మిణుకుల్ని కూడడం మానేసింది. కింద మార్చినవాళ్ళ పేరు లేదు. కొత్త మీటర్లు సరైన పట్టికతో వస్తున్నాయి. పాత తొమ్మిదేళ్ళ కార్డుల్ని మాత్రం ఎవరూ దిద్దలేదు. దిద్దితే తప్పు ఒప్పుకున్నట్టవుతుంది. రెండువందల పదకొండు మందిలో హద్దు దాటినవాళ్ళెవరో, ఏ ఏడు దాటారో, ఏ డాక్టరు చూడాలో వాళ్ళకే తెలియదు. ఆమె అడుగుతున్నది ఆ దిద్దుబాటు ఒక్కటే. తన వేళ్ళు అడగట్లేదు, తమ్ముడి కన్ను కూడా అడగట్లేదు.

ల్యాబు విచారణలో టంకం బాబాయ్ "నేను అటు తిరిగి ఉన్నాను, చూడలేదు" అని సంతకం పెట్టాడు. పెట్టినరోజు సాయంత్రం ఆమె ఇంటి గడప మీద తడి స్పాంజి ముక్క ఉంది. ఆమె దాన్ని పారెయ్యలేదు, వాడలేదు. కిటికీలో ఎండిపోయి పడుంది.

పాత కార్డుల దిద్దుబాటు మీద తర్వాతి విచారణ వచ్చే నెల నాలుగో తేదీ, పదిన్నరకి, కార్మిక శాఖ కార్యాలయం రెండో అంతస్తులో. ఆ గదిలో ఇరవై కుర్చీలుంటాయి. కిందటిసారి కంపెనీ వాళ్ళే పదహారింట్లో కూర్చున్నారు. ఈసారి ఆ కుర్చీలు మనం నింపాలి, నిండితే మెట్ల మీద నిలబడాలి. మీరు గాని, మీ ఇంట్లోవాళ్ళు గాని ఆ యార్డులో ఒక్క ఏడాది మీటరు తగిలించుకున్నా, కార్డు మీద పదిహేడు పాయింటు ఎనిమిది దాటిన ఏ ఏడాదైనా ఉంటే, ఆ రోజు మీ పేరు గట్టిగా చెప్పండి. వేరే చోట పనిచేసేవాళ్ళయితే, మీ మీటరు ఏ పట్టిక చూసి మాట్లాడుతోందో, దాన్ని చివరిసారి ఎవరు సరిచూశారో మీ అధికారిని రాతపూర్వకంగా అడగండి. అడిగినందుకు ఎవరైనా చెయ్యి ఎత్తితే, మీరు చాపకండి. పక్కనున్నవాళ్ళు అటు తిరక్కండి. బాబాయ్, నీక్కూడా ఒక కుర్చీ ఉంచుతాం.

వచ్చేటప్పుడు కార్డు మర్చిపోవద్దు.